డాక్టరు రాసిచ్చిన గంట

"మూడు నెలల సంది పొద్దుగాల లేసి పోతున్నవ్, షుగరేమో ఇంకింత పెరిగింది. గా చెరువు కట్ట మీద నడుస్తున్నవా, మిర్చి బజ్జీలు తింటున్నవా పిల్లా?" అని మా అత్తమ్మ సత్యమ్మ అడిగినప్పుడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఇంకో కాయ అందుకున్నాను. బజ్జీలు తినడం లేదు. నవల రాస్తున్నాను. ఆ మాట చెప్పడం కంటే బజ్జీలే నయం.

జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే నాకు షుగర్ బయటపడింది. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. డాక్టరమ్మ చీటీలో మాత్రల కింద "రోజూ గంట నడక" అని రాసిచ్చింది. ఇరవై ఏళ్ల కాపురంలో నాకంటూ ఒక గంట దొరకడం అదే మొదటిసారి. అంతకుముందు రెండు నవలలు రాసిన మాట నిజమే. కుక్కర్ విజిల్‌కూ విజిల్‌కూ మధ్య రాసినవి. వాటిలో వాక్యాలు పొట్టిగా, పదునుగా ఉంటాయని మెచ్చుకున్నవాళ్లున్నారు. అది శైలి కాదు, కందిపప్పు. రాసుకోవడానికి ఒక గంట కావాలని ఎప్పుడడిగినా "ఎవలద్దన్నరు, పనైనంక రాసుకో" అనేవాళ్లు. పని అయ్యేదెప్పుడు? ఆ చీటీ చూపించిన రోజు మాత్రం ఎవరూ నోరెత్తలేదు. పొద్దుటి వంట తాను చూసుకుంటానంది అత్తమ్మ. మా ఆయన లక్ష్మణ్, తుర్కపల్లి ల్యాబుల వాళ్లకు క్యాబు నడిపే మనిషి, నాకు బూట్లు కొనుక్కొచ్చి తానే కింద కూర్చుని లేసులు కట్టాడు. ఆ బూట్లతోనే శామీర్‌పేటలో మా ఇంటి నుంచి చెరువు కట్ట దాకా నడిచి, ఒక రాయి మీద కూర్చుని, పిల్లలు సగం రాసి వదిలేసిన నోటుపుస్తకాల్లో మూడో నవల రాసుకున్నాను. సెప్టెంబరుకు నూట పన్నెండు పేజీలు. మూడు నెలల షుగర్ సగటు ఎనిమిది పాయింట్ నాలుగు.

రిపోర్టు చూసి లక్ష్మణ్ భయపడ్డాడు. "నీకేమన్నయితే నేనేం గావాలె మణీ? రేపటి సంది నేనొస్త నీతోని."

వచ్చాడు. ఒక్కరోజు తప్పలేదు. పక్కన నడుస్తూ డ్యూటీ ముచ్చట్లన్నీ చెప్పేవాడు. నేను ఆ రాయి దగ్గర ఆగితే "ఆయాసమా?" అని నీళ్లసీసా మూత తీసి ఇచ్చేవాడు. ఎంత మంచివాడో అంత అడ్డం. డిసెంబరులో షుగర్ ఏడుకు దిగింది. అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. నా మోకాళ్ల నొప్పి పోయింది, బడి మెట్లెక్కినా ఊపిరి ఆడుతోంది, నోటుపుస్తకం మాత్రం నూట పన్నెండో పేజీ దగ్గరే ఉంది. నా కథలోని ఆడమనిషి మూడు నెలలుగా ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అలాగే నిలబడి ఉంది.

జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని "మా అమ్మ ఒక రోజు" అని రాయమన్నాను. అందరి అమ్మలూ పొద్దున అయిదింటికి లేచి పని చేస్తూనే ఉన్నారు, ఒక్క ఇఫ్రా వాళ్లమ్మ తప్ప. "సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు మా అమ్మీ ఏమీ చేయదు. తలుపు వేసుకుంటుంది" అని రాసింది ఆ పిల్ల.

"ఒంట్లో బాగుండదా మీ అమ్మీకి?"

"లే టీచర్, మంచిగనే ఉంటది. ఊకె కూసుంటది."

"ఇంట్లో ఏమీ అనరా?"

"మొదట్ల మస్తు అన్నరంట. ఇగ ఆదత్ అయిపోయింది, అలవాటు పడ్డరు."

పదికి పది వేశాను. కానీ నా ప్రశ్న నన్ను వదల్లేదు. ఆడమనిషి తలుపు వేసుకుంటే రోగమా అని అడిగింది అత్తమ్మ కాదు, లక్ష్మణ్ కాదు. నేనే.

ఆ సాయంత్రం ఇద్దరి ముందూ నోటుపుస్తకాలు పెట్టి ఉన్నది చెప్పేశాను.

లక్ష్మణ్ ముఖం చిన్నబోయింది. "అంటే గా మూడు నెలలు నువ్వు నడువనే లేదా? నేనీడ పరేషానయి సస్తుంటే?"

"కట్ట దాక నడిచిన. ఆడ కూసోని రాసిన."

అత్తమ్మ ఒక పుస్తకం తిరగేసి, చదువు రాకపోయినా వేలితో వరసలు తడిమింది. "బజ్జీలే అనుకున్న నేను. రాసుకునేటందుకని ముందుగాల్నే జెప్తే నేను పొయ్యి కాడ నిలవడేదాన్ని గాదు బిడ్డా, నేనెందుకు అబద్ధమాడాలె."

"అందుకే చెప్పలే అత్తమ్మా. రేపటి సంది రెండు గంటలు పోత. ఒక గంట ఈయనతోని నడుస్త. ఇంకో గంట రాసుకుంట, అప్పుడు ఈయన ఇంటికొచ్చెయ్యాలె."

"రెండు గంటలు పొయ్యి కాడంటే నాతోని గాదు. నా మోకాళ్లు ఎవలు జూడాలె?" అంది అత్తమ్మ.

లక్ష్మణ్ నా వైపు చూశాడు. "మరి టిఫిన్?"

"ఉప్మా నువ్వే జెయ్యి. పోయినేడు నాకు జ్వరమొచ్చినప్పుడు మంచిగ జేసినవ్."

"గప్పుడు నీకు జ్వరముండె గదా."

"ఇప్పుడు లేదు," అన్నాను. "అయినా జెయ్యి."