ఒవాదియా మెట్లెక్కిన సాయంత్రం

యూదులు ఏడాది పాపాలకు క్షమాపణ వేడే రోజు ఉపవాసానికి ముందు తినే చివరి భోజనం ముందు కూర్చుందో లేదో, తలుపు దబదబ మోగింది. ఎవరో మజల్‌కు తెలుసు. ఆమె పనిచేసే కుట్టు కార్ఖానా యజమాని ఒవాదియా. క్షమాపణకు రావడం ఇది మూడోసారి. ఈసారి ముగ్గురు సాక్షుల్ని వెంటేసుకొచ్చాడు.

పట్టు తాను పోయిందని కార్ఖానాలో ఆడవాళ్లందరి ముందూ ఆమెను దొంగ అన్నాడు. తర్వాత అది అతని బీరువా వెనకే దొరికింది. ఆ మాట మజల్ చెవిలో మాత్రం చెప్పాడు. తిట్టింది నలుగురిలో, ఒప్పుకున్నది చాటుగా. పెద్దమనిషి న్యాయం!

“క్షమించమ్మా. మనిషికి చేసిన తప్పు మనిషే మాఫీ చెయ్యాలి, దేవుడు చెయ్యడు. మూడుసార్లు అడిగేశాను. ఇంకా కాదంటే పాపం నీదే.”

“వీళ్లు మీతో పేకాడేవాళ్లేగా! నన్ను దొంగన్నప్పుడు వీళ్లు విన్నారా? విన్నవాళ్ల ముందు అడగండి.”

“ఆడవాళ్ల ముందా? నా పరువేం కావాలి?”

“నాదేమైందో అదే అవుతుంది.”

తలుపేసింది. చల్లారిన పులుసు సగం తాగి పక్కన పెట్టేసింది. నిజంగా పాపం తనకే చుట్టుకుంటే?

జెరూసలేం రాళ్ల మీద ఎండ పలచబడింది. ప్రార్థనా మందిరంలో ఆడవాళ్ల మేడ మీద ఆమె పక్క కుర్చీ ఖాళీ. కార్ఖానా ఆడవాళ్లు దూరంగా జరిగి కూర్చున్నారు.

ఈ రోజు ఎవరూ తోలు చెప్పులు తొడగరు, అందుకే మెట్ల మీద అడుగులు వినపడలేదు. ఆయాసం మాత్రం వినిపించింది. గుమ్మంలో తెల్లటి అంగీతో ఒవాదియా.

“దారి తప్పావా అబ్బాయ్? మగాళ్లు కింద!” అంది ముసలి రహ్మా. అందరూ నవ్వారు.

అతను నవ్వలేదు. “పట్టు తాను నా బీరువా వెనకే ఉంది. మజల్ దొంగ కాదు. తెలిసీ నోరు మూసుకున్నాను. క్షమించమ్మా.”

కాసేపు నిలబెట్టి ఏడిపిద్దామనుకుంది మజల్. అతని గుడ్డ చెప్పుల చిరుగులోంచి బొటనవేలు కనబడింది.

“క్షమించాను,” అంది. ఆచారం ప్రకారం మూడుసార్లు అనాలి. రెండోసారీ అంది. మూడోసారికి ఆగి, పక్కనున్న ఖాళీ కుర్చీ కేసి చూసింది.

“అనెయ్యవే, కింద గురువుగారు ప్రార్థన మొదలెట్టలేక చస్తున్నారు!” అంటూ రహ్మా లేచొచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది.

మజల్ అనేసింది, కిందిదాకా వినబడేలా.