పెట్టల మీద పడ్డ నింద

ఆ పొద్దున ఆకాశం మెరీదా ఊరి డాబాల మీదికి దిగివచ్చి కూర్చున్నట్టుంది. ఉత్తరపు గాలి. పడీపడనట్టు తుంపర. నెల్మి పెరట్లో కోళ్ళగూడు చుట్టూ ఊడుస్తోంది. ఆమె భర్త ఎలెయుతేరియో వరండాలో వల ఉయ్యాల్లోంచి లేవకుండానే అన్నాడు.

"ఏమే, ఇవాళ మునిసిపాలిటీ వాళ్ళొస్తారు. కర్నల్‌ని గదిలో బుట్ట కింద పెట్టు. అడిగితే పుంజు లేదని చెప్పు."

కర్నల్ అతని పందెం పుంజు. నగరంలో కొత్త నియమం వచ్చింది. పెరట్లో పెట్టలుండొచ్చు, పుంజు ఉండకూడదు. గూడు పక్కింటి గోడకు దూరంగా ఉండాలి. పుంజును దాచి దొరికిపోతే పెట్టలను కూడా పట్టుకుపోతారు.

"దొరికితే నా పెట్టలు పోతాయి కదయ్యా."

"చీకట్లో పెడితే కూయదులే. నీకన్నీ అనుమానాలే."

ఆమె బుట్ట తెచ్చింది. పోయిన వారం గూడును గోడ దగ్గర్నుంచి జరిపింది కూడా ఆమే. రాళ్ళు ఆమె మోస్తుంటే అతను ఉయ్యాల్లోంచి "ఇంకాస్త ఎడమకి" అన్నాడు. ఆ సాయంత్రం స్నేహితులతో "గూడు మార్చాం" అన్నాడు. పక్కింటాయన ఎర్మీలో, తెల్లవారుజాము కూతకు నిద్ర చెడుతోందని గొడవకొచ్చినప్పుడు మాత్రం "అవి మా ఆవిడ కోళ్ళు, దాన్నే అడుగు" అని లోపలికెళ్ళిపోయాడు. ఎర్మీలో ఆమెను నలుగురిలో నిలబెట్టి అడిగాడు. పెట్టలు కూయవని ఆమె అనలేదు. అలా అంటే పుంజు మాట వస్తుంది, పుంజు మాట వస్తే ఇంట్లో రాద్ధాంతమవుతుంది. అత్తగారు బెర్సబే "మగాడన్నాక ఒక సరదా ఉండొద్దా" అనేది. నెల్మికి ఏ సరదా ఉందో ఎవరూ అడగలేదు. ఉంది. మధ్యాహ్నం పనైపోయాక నారింజ చెట్టు కింద కూర్చుంటే పెట్టలొచ్చి ఆమె పాదాల పక్కన మట్టిలో పొర్లుతాయి. ఆ కాసేపు ఆమెను ఎవరూ ఏదీ తెమ్మనరు.

వచ్చిన అధికారి చిన్నవయసు అమ్మాయి. బూట్ల నిండా బురద. గూడు చుట్టూ తిరిగి చూసింది.

"బాగుంది. ఎవరు కట్టారు?"

"మేమే," అన్నాడు ఎలెయుతేరియో.

"పుంజు ఉందా?"

"పుంజా! పుంజుల్ని మేపే తీరిక ఎవరికుందమ్మా ఇక్కడ!" నవ్వాడు.

అధికారి నెల్మి వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా."

గదిలో పుంజు కూయలేదు. బుట్ట కింద కదిలిన చప్పుడు కూడా లేదు. పుంజు లేదని చెబితే సరిపోతుంది. ఇవాళ్టికి సరిపోతుంది. రేపు తెల్లవారుజామున అది మళ్ళీ కూస్తుంది, ఎర్మీలో మళ్ళీ ఆమెనే అడుగుతాడు.

"ఉంది. గదిలో, బుట్ట కింద," అంది నెల్మి. "పెట్టలు నావి. పుంజు ఆయనది."

"మతి పోయిందా నీకు? ఇల్లెవరిదనుకున్నావే?"

"పెరడు ఊడ్చేది నేను." ఆమె గొంతు పెరగలేదు.

అధికారి ఇద్దరినీ చూసింది. "మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది. దాచారని మేం పట్టుకునుంటే వేరేగా ఉండేది. పుంజును ఊరు దాటించండి. పెట్టలు ఉంటాయి. ఎవరి పేరున రాసుకోను?"

"నా పేరునే."

ఎలెయుతేరియో కర్నల్‌ని అట్టపెట్టెలో పెట్టి, పల్లెలో ఉన్న అన్నకు పంపించి వచ్చాడు. వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

సోమవారం కాబట్టి, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం నల్ల చిక్కుళ్ళూ పందిమాంసమూ. తల్లీకొడుకులు తింటున్నంతసేపూ పెనం దగ్గర నిలబడి ఒక్కో మొక్కజొన్న రొట్టే కాల్చి అందించి, చివర్న తను చల్లారినవి తినడం ఆమెకు అలవాటు. ఆ రోజు రొట్టెలన్నీ ఒకేసారి కాల్చి, గుడ్డలో చుట్టి, బల్ల మధ్యన పెట్టి, తన పళ్ళెం తెచ్చుకుంది. ఎలెయుతేరియో ఖాళీ పెనం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. బెర్సబే కొడుకును చూడలేదు. తన పీట పక్కకు జరిపి చోటిచ్చింది. నెల్మి కూర్చుంది. కాసేపటికి అతను చెయ్యి చాచి, గుడ్డ విప్పి, రొట్టె తనే తీసుకున్నాడు.

ముగ్గురూ వేడిగా తిన్నారు.