వెనక గీత మీద పదకొండేళ్లు

హాకీ టీమ్‌లో ఆమెను అందరూ తోపుడుబండి అంటారు. పదకొండేళ్లుగా దేశం తరఫున ఆమె చేసే పని అదే మరి. పెనాల్టీ కార్నర్ దొరకగానే గోల్ పక్కన వెనక గీత మీద నడుం వంచి నిలబడి, బంతిని దూరంగా కాచుకున్న వాళ్లకు తోస్తుంది. అక్కడ ఒకమ్మాయి ఆపుతుంది. ఇంకొకమ్మాయి లాగి కొడుతుంది. ఆ కొట్టే అమ్మాయి పేరు ఫిరంగి. గోలు పడిందంటే కెమెరాలన్నీ ఫిరంగి వెంటే. సొమ్మొకరిది, సోకొకరిది.

ఇంట్లో అమ్మ కళ్లు కాయలు కాసేలా టీవీ చూసి, మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసేది. "ఇవాళ నీ మోచెయ్యి కనబడిందే!" అని సంబరం.

ఆ పొద్దున క్యాంపు గోడకు ప్రపంచ కప్పు జాబితా అంటించారు. ఇరవై పేర్లు. పైనుంచి కిందికి చదివింది. నమ్మలేక కిందినుంచి పైకి చదివింది. ఎటునుంచి చదివినా తన పేరు లేదు.

కోచ్ గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లింది. కిటికీకి తడి మేజోళ్లు వేలాడుతున్నాయి. బల్ల మీద కట్టు గుడ్డలు, ఈలలు, వాటి మధ్య ల్యాప్‌టాప్, దాని ముందు టీమ్ గోళ్ల లెక్కలు రాసే లెక్కలాయన.

"ఏంటి సార్ ఇది?"

"కూర్చోమ్మా."

"కూర్చోడానికి రాలేదు."

కోచ్ కళ్లతో సైగ చేశాడు. లెక్కలాయన తెర ఇటు తిప్పాడు. "రెండేళ్లలో నువ్వు కొట్టింది ఒక్క గోలు."

"ఫిరంగి?"

"ముప్పై నాలుగు."

"అందులో నేను తోస్తే పడ్డవెన్ని?"

లెక్కలాయన తెర మీది పట్టికను పైకీ కిందికీ జరిపాడు. "ఆ గడి లేదు మన దగ్గర."

"లేకపోతే పెట్టండి."

"దానికి గడేంటమ్మా?" అన్నాడు కోచ్. "బంతి అందించడమే కదా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అందించడమట! బంతి గంతు వేయకూడదు. జానెడు పక్కకు పోకూడదు. రెప్పపాటు ఆలస్యమైతే ఎదుటి జట్టు పిల్లలు మీదికి వచ్చి పడతారు. దానికోసం రోజుకు మూడు వందలసార్లు వంగి వంగి నడుం అరిగిపోయింది. ముప్పై ఏళ్లకే, బూటు తాడు కట్టుకోవాలంటే మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తాలి. ఈ నడుం ఏ గడిలో రాశారు?

గుమ్మంలో ఫిరంగి నిలబడి ఉంది, మణికట్టుకు ఐసు పెట్టుకుని.

"నువ్వైనా చెప్పవే!"

ఫిరంగి నేల చూసింది. "సార్‌కి తెలీదా అక్కా..." అంది. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు అంతటితో ఆగిపోయింది. జాబితాలో దాని పేరు మూడోది.

"ఇంకోటమ్మా," అన్నాడు కోచ్ మెత్తగా. "రెండ్రోజులు ఉండి, నీ బదులు వచ్చే కొత్తమ్మాయికి కాస్త నేర్పి వెళ్లు."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఈయన ఇంకా ఘనుడు. తగలేసే ముందు ఆ తెప్పతోనే కొత్త తెప్ప కట్టిస్తాడట!

"అందించడమే కదా సార్. దానికి నేర్పడం దేనికి?" అని సంచీ భుజానేసుకుని బయటపడింది.

గేటుకు పోవాలంటే మైదానం పక్కనుంచే పోవాలి. తడిపిన పచ్చ ప్లాస్టిక్ గడ్డి తివాచీ మీద కొత్తమ్మాయి ఒక్కతే తోస్తోంది. బంతి కప్పలా ఎగురుతోంది. ఒకటి, రెండు, మూడు. చూస్తూ పోవడం ఆమె వల్ల కాలేదు. సంచీ కింద పడేసింది.

"ఆగవే! కొడుతున్నావు నువ్వు. కొట్టకూడదు, లాగి వదలాలి. బంతిని ఎటు పంపాలో ముందు పాదం అటు తిప్పు. బంతి ఎక్కడికీ పారిపోదు, దాన్ని చూడకు. ఆపేదాని కర్ర ఎక్కడుంటుందో అటు చూడు."

ఆరో బంతి గీత గీసినట్టు పోయింది. కొత్తమ్మాయి మొహం వెలిగింది. తోపుడుబండికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మింగలేక, కక్కలేక నిలబడింది.

వసారాలోంచి కోచ్ చప్పట్లు కొట్టాడు. "చూశావా? ఇంతే!"

ఆ మాటతో ఆమెకు మళ్లీ మండింది. కొత్తమ్మాయి దగ్గరకు జరిగింది. "విను. నువ్వు తోస్తే పడ్డ ప్రతి గోలుకూ కాగితం మీద నీ పేరు రాయమను. మొదటి మ్యాచ్ నుంచే."

"రాయకపోతే?"

"తర్వాతి బంతి తొయ్యనని చెప్పు."

"మీరు అడిగారా అక్కా?"

పిల్ల వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. పదకొండేళ్లలో ఒక్కసారి అడిగితే ఒట్టు. గోలు పడితే చాలని ఫిరంగిని ఎత్తుకుని గంతులేసింది.

"లేదు," అంది. "అడగని దాని గతి ఇదిగో, చూడు."

"ఊఁ, ఇంకో పది!" కోచ్ కేకేశాడు.

కొత్తమ్మాయి అటు చూసింది, ఇటు చూసింది. ఆఖరికి కర్ర సర్దుకుని వంగింది.

తోపుడుబండి బంతి మీద పాదం పెట్టింది.

"అక్కా, కాలు తియ్యండి. సార్ చూస్తున్నారు."

"చూడనీ. ముందు సార్‌ని అడుగు."

హాకీలో బంతికి పాదం తగిలితే తప్పు. కోచ్ ఈల వేశాడు. ఆమె పాదం తియ్యలేదు.