మాణిక్యమ్మ గుప్పిట్లో

నేను ఒక రబ్బరు బుడ్డిని. నిమ్మకాయంత ఉంటాను. కాకినాడలోని ఒక స్కానింగు సెంటర్లో, సొరంగంలాంటి మెషీనులోకి వెళ్లే ప్రతి రోగి చేతిలోనూ నన్ను పెడతారు. భయమేస్తే నొక్కాలి, అవతలి గదిలో బెల్లు మోగుతుంది. ఏదో ఫ్యాక్టరీ అచ్చులో పుట్టి, అట్టపెట్టెలో ఇక్కడికొచ్చి, ఊరందరి చేతి చెమటా తాగాను. అందుకే ఎవరి నోటినీ నమ్మను. "నాకేం భయం లేదండీ" అన్నవాళ్లే నన్ను పిప్పి చేస్తారు.

ఒకరోజు మాణిక్యమ్మను ఆమె భర్త తీసుకొచ్చాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందట. బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను ఆమె చేతిలో పెట్టి, డాక్టరు వివరంగా చెప్పాడు. మనం ఊరికే పడుకున్నా మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి కబుర్లాడుకుంటూనే ఉంటాయట. మతిమరుపు తొలి రోజుల్లో ఆ కబుర్లు తగ్గుతాయట. అదే చూడాలన్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు.

ఇది ఏ నెల? "శ్రావణం కదండీ, మొన్నే వ్రతం చేసింది" అన్నాడు భర్త. పొద్దున ఏం తిన్నారు? "పెసరట్టండీ." అదీ ఆయనే. ఈయన ఏదో దాస్తున్నాడని నాకు అనుమానమొచ్చింది.

"మీరాగండి. అమ్మా, మీవారి పేరేంటి?"

మాణిక్యమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. "ఆయన పేరు నేనెలా చెప్తానండీ."

"మా అమ్మా ఇంతే" అని డాక్టరు వదిలేశాడు. భర్త మురిసిపోయాడు. నేను మాత్రం నమ్మలేదు. సిగ్గుపడే చెయ్యి మెత్తగా ఉంటుంది. ఈమె గోళ్లు నాలోకి దిగబడుతున్నాయి.

డాక్టరూ భర్తా బయటికి వెళ్లారు. "ఏమీ ఆలోచించకుండా పడుకోండి" అంది మెషీను నడిపే సునంద. అలా పడుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. మెషీను మొదలైన కాసేపటికే మాణిక్యమ్మ నన్ను నొక్కింది. సునంద పరుగున వచ్చి బల్ల బయటికి లాగింది.

"ఏమైందమ్మా, ఊపిరాడట్లేదా?"

"అది కాదమ్మా. బయట కూర్చున్నారు కదా, ఆయన పేరేంటో నీకు తెల్సా?" గొంతు తగ్గించింది. "వారం నుంచీ ఎతుక్కుంటన్నాను. ఆయనకి మాత్రం చెప్పకమ్మా."

నాకు చాలా బాధేసింది. నా అనుమానం అబద్ధమైతే బాగుండునని ఆ ఒక్కసారే అనుకున్నాను.

సునంద ఆమె చెవి దగ్గరికి వంగింది. "పట్టాభిరామయ్య గారు" అని చెప్పి బల్లను మళ్లీ లోపలికి పంపింది.

ఆ స్కానింగు సరిగ్గా రాలేదు. తల కదిలింది, మళ్లీ తీయాలన్నారు. "కదలొద్దన్నారు కదే మాణిక్యం" అని భర్త విసుక్కున్నాడు. ఎందుకు కదిలిందో నాకు తెలుసు. మెషీను మోతలో నాకొక్కదానికే వినబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ పలకని ఆ పేరును, లోపలున్నంతసేపూ ఆమె వల్లె వేస్తూనే ఉంది.