బిల్లు వెనక రాత

వైరింగు కాంట్రాక్టరు వ్యానులో బిల్లులన్నీ ముందు అద్దం కింద పడి ఉండేవి. ఆ నున్నటి కాగితాల మీద అచ్చు ఎండకి నెల తిరక్కుండానే వెలిసిపోయేది. అందుకని ప్రతి ఆదివారం కట్ట తెచ్చి కూతురి ముందు పెట్టేవాడు.

“అచ్చు పోకముందే వెనకాల పెన్నుతో ఎక్కించమ్మా.”

ఆ పిల్ల నోరు విప్పడమే తక్కువ. రాత మాత్రం ముత్యాలే. ఏ కొట్టు, ఏ తేదీ, ఏ వస్తువు, ఎంత, అన్నీ దించేసేది. వైరు కట్టలు, స్విచ్చులు, డ్రిల్లు బిట్లు. వాటితోపాటే ఫ్రిజ్జు, నానమ్మ కళ్లజోడు, తన సైకిలు. ఏడాది చివర నాన్న లెక్క కట్టేటప్పుడు వెనక నుంచి అంకె మాత్రం తీసుకుని, వస్తువు పేరుకి ముందువైపే చూసేవాడు. అక్కడంతా తెల్లగా ఉండేది. తెల్లగా ఉన్నదల్లా పని సామాను కింద వేసేసుకున్నాడు.

ఇప్పుడు పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మూడేళ్ల అసలు బిల్లులు ఈ రోజు మూడింటికల్లా చూపించాలి. లెక్కలు దాఖలు చేసే మావయ్య పొద్దున్నే వచ్చి కూర్చుని, ఒక బిల్లు తిరగేసి చూశాడు.

“బావా, ఈ ఫ్రిజ్జుతో ఎవరింటికి కరెంటు లాగావు?”

“ఎగతాళి ఆపరా. అందరూ వేసుకునేవే. ప్లంబరు టీవీ కూడా వేసుకున్నాడు.”

“ప్లంబరుకి రాలేదుగా నోటీసు. నీకొచ్చింది. నువ్వు చెప్పిన అంకెలు నమ్మి నేను దాఖలు చేశాను. నా మెడకీ చుట్టుకుంటుంది.”

“కట్ట మొత్తం తగలబెట్టేస్తా.”

“తగలబెడితే నిజంగా కొన్న వైర్ల ఖర్చూ కొట్టేస్తారు. కావాలని దాచావని తేలితే జరిమానా నీ నెత్తిన. కాంట్రాక్టరు లైసెన్సు మీద ఆశ వదులుకో.”

లైసెన్సు పోతే రేపటినుంచి ఇంకొకళ్ల దగ్గర కూలికి వెళ్లాల్సిందే. నాన్న కూతురి ముందు గొంతుక్కూర్చుని బ్లేడు చేతిలో పెట్టాడు.

“తల్లీ, నువ్వు రాసిందే కదా. గీకేసి కేబులని రాసెయ్. ఇంటి సామాను బిల్లులు నలభై ఒక్కటే. నీ కాళ్లు పట్టుకుంటా.”

నాన్న అలా బతిమాలడం ఆమె ఎన్నడూ వినలేదు. మొదట దొరికింది సైకిలు బిల్లు. గీకింది. సైకిలన్న మాటతోపాటు కాగితమూ లేచిపోయింది. ఆ చిల్లులోంచి కింద పరిచిన చాప కనిపించింది. రెండోది నానమ్మ కళ్లజోడు. బ్లేడు పక్కన పెట్టేసింది.

గంటసేపు తల వంచుకుని రాస్తూనే ఉంది. పని అవుతోందనుకుని నాన్న మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అప్పుడు చూశాడు. ఆమె రాస్తున్నది గీతల కాగితం మీద. పైన ‘ఇవి పని ఖర్చులు కావు’ అని ఉంది. కింద వరసగా నలభై ఒకటి.

“నన్ను నిలువునా ముంచేశావే!” ఆయన చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది.

“ఆ పన్నుల ఆఫీసరు నన్నడిగితే చెప్పేస్తాను నాన్నా,” అంది పిల్ల. “నాకు అబద్ధం నోటికి రాదు. నీకు తెలుసుగా.”

మావయ్య కాగితం అందుకున్నాడు. “వాళ్లు పట్టుకోకముందే మనమే ఒప్పుకుంటే కాస్త తగ్గించమని అడగొచ్చు బావా. పన్నుకీ వడ్డీకీ వ్యాను అమ్మాలి. లైసెన్సు మిగలొచ్చు. మిగలొచ్చన్నాను, మిగులుతుందనలేదు.”

నాన్న చాప మీది బిల్లుల కేసి వంగాడు.

“ఆ చిల్లు పడ్డదేంటి?”

“సైకిలు.”

“అదెలా చిల్లు పడిందో కూడా రాయి,” అని, పెన్ను లాక్కుని అడుగున సంతకం పెట్టాడు. పాళీ నొక్కుకి కాగితం గుంట పడింది.

రెండున్నరకి వ్యానెక్కారు. నాన్న అలవాటుగా కట్టను అద్దం కింద పెట్టబోయి ఆగాడు. తీసి కూతురి ఒళ్లో పెట్టాడు.

“గట్టిగా పట్టుకో,” అన్నాడు. తాళం తిప్పాడు.