తలుపు బయట హోరు

నేను ఒక స్టాండు ఫ్యాన్ని. కంపెనీ పేరు అడక్కండి, నాకు లేదు. విజయవాడలో ఒక రేకుల షెడ్డులో, ఒకచోట కొన్న మోటారుకు మరోచోట కొన్న రెక్కలు బిగించి, పైన ఇంత నీలం రంగు పూసి నన్ను లోకం మీదికి వదిలారు. పుట్టుకతోనే నాకొక గుణం అబ్బింది. తిరగడం మొదలుపెట్టానంటే హోరు. పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు.

మొదట షామియానా వాళ్ల చేతిలో పడ్డాను. పెళ్లిళ్లలో మగపెళ్లివారి వైపు తిప్పితే ఆడపెళ్లివారు చిరాకుపడేవారు, అటు తిప్పితే వీళ్లు అలిగేవారు. పురోహితుడి మంత్రాలు నా గోలలో కలిసిపోయేవి. దాని గురించి మాత్రం ఎవరూ బాధపడగా చూడలేదు. ఆ తర్వాత విజయనగరంలో ఒక మెస్సు. అక్కడ నా పుణ్యమా అని సాంబారు అడిగినవాడికి చారు పోసేవారు. యజమాని విసిగిపోయి నన్ను పాత సామాన్ల కొట్టుకు తోసేశాడు.

అక్కడికి ఒకనాడు కెజియా గారు వచ్చారు. నలభై దాటిన మనిషి, నెమ్మదైన మాట.

"బాగా శబ్దం చేసే ఫ్యాను కావాలండీ" అన్నారు.

కొట్టువాడు ఆవిడ వైపు అదోలా చూశాడు. "శబ్దం చెయ్యనిది కదమ్మా?"

"కాదండీ. చేసేదే."

అలా నేను ఒక బట్టలకొట్టు మీది మేడగదికి చేరాను. కెజియా గారు కౌన్సెలింగ్ చేస్తారు. లోపల ఒక గది, బయట వచ్చినవాళ్లు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు. నన్ను తలుపు బయట నిలబెట్టారు. లోపలి మాట బయటివాళ్ల చెవిన పడకూడదు, అదీ నా ఉద్యోగం. తలుపు మూసినంతసేపే నన్ను తిప్పేవారు. లోపల ఎవరు ఏం చెప్పుకున్నారో నాకూ తెలియదు. తెలియకపోవడమే నా పని కాబట్టి దానికి నేనేమీ చిన్నబుచ్చుకోలేదు.

కానీ బయట చూసినవాటికి నా ఒళ్లు మండేది. పన్ను నొప్పి వస్తే మనిషి దవడ పట్టుకుని బజారంతా తిరుగుతాడు. షుగరుందని పెళ్లి భోజనాల్లో పదిమందికీ వినపడేలా చెబుతాడు. మా మెట్లెక్కేటప్పుడు మాత్రం పైకి వచ్చేదాకా హెల్మెట్ తీయడు. ఆ సిగ్గు వాళ్లంతట వాళ్లకు పుట్టింది కాదు. పక్కనున్నవాళ్లు నూరిపోసింది. ఎలా నూరిపోస్తారో తెలియాలంటే గౌరునాయుడి సంగతి చెప్పాలి.

గౌరునాయుడు కరెంటు లైన్‌మన్. ముప్పై అయిదేళ్ల బలిష్ఠమైన మనిషి. అతన్ని వాళ్ల అన్న సూర్రావు రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. కుర్చీల్లో ఇంకో ఇద్దరున్నా లెక్కచేయకుండా, కెజియా గారు గుమ్మంలోకి రాగానే సూర్రావు ఎత్తుకున్నాడు.

"గాలివానకి తీగలు తెగిపోనాయి మేడమ్. మావోడూ, ఆడి జతగాడు ఎర్రయ్యా ఎల్లారు. సప్లై ఆపించే ఎక్కారు. ఎర్రయ్య పైనుండగా ఎవడో సప్లై ఇచ్చేసినాడు. ఆడు అక్కడే పోనాడు. అప్పట్నుంచి ఈడు స్విచ్చి నొక్కిన సప్పుడైతే సాలు, ఉలిక్కిపడతాడు. తిండి లేదు, నిద్దర లేదు. తాయెత్తు కట్టించాను. రెండు పెగ్గులెయ్యరా, అదే పోతాదన్నాను. మగోడు కదా, ఇంత పిరికితనమేటి?"

గౌరునాయుడు తల వంచుకుని నిలబడ్డాడు. కూర్చున్న ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. తమ్ముడి గాయాన్ని నలుగురి ముందూ విప్పి చూపిస్తున్నానన్న స్పృహ ఆ అన్నకు రవ్వంతైనా లేదు.

"అవన్నీ చెప్పాలనిపిస్తే వారే చెబుతారండీ" అన్నారు కెజియా గారు. తర్వాత గౌరునాయుడి వైపు తిరిగారు. "మీరు లోపల ఏం చెప్పినా నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పనిపిస్తే మాత్రం దాచను, ఆ సంగతి కూడా ముందు మీకే చెబుతాను. నేను మందులు రాయను. అవసరమైతే రాసే డాక్టరు గారి దగ్గరికి పంపుతాను. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు. నాతో కుదరదనిపిస్తే మొహమాటపడకండి, వేరేవాళ్ల పేరిస్తాను."

"నానూ లోపలికొస్తాను, సొంత అన్నని" అన్నాడు సూర్రావు.

"మీరిక్కడ కూర్చోండి."

"ఎన్నాళ్లలో బాగుచేస్తారు?"

"మోటారు కాదు కదండీ. వారానికోసారి రమ్మనండి. ఎలా ఉంటుందో చూద్దాం."

ఆ రోజు బయటికొచ్చాక అన్న అడిగాడు, "ఏటి సెప్పినావు?"

"ఏటీ సెప్పలేదు. కూకున్నాను. పర్లేదు, ఇయాల్టికి సాలన్నారు."

"కూకోడానికి ఇంత దూరం రావాలేటి? ఇంటికాడ అరుగు లేదా?"

ఆ మాటకు నా మోటారు వేడెక్కింది. కాలు విరిగినవాణ్ణి మొదటిరోజే పరుగెత్తమంటారా ఎవరైనా?

తర్వాత తర్వాత గౌరునాయుడు భార్య నారాయణమ్మతో రావడం మొదలుపెట్టాడు. లోపల ఏం జరిగేదో గాని, బయటికొచ్చాక ఆమెతో ఒక్కో ముక్క చెప్పేవాడు. గుండె దడ వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా ఎలా వదలాలో నేర్పారట. స్తంభం ఎక్కమనలేదట, ఈ వారం వీధి చివరి స్తంభం దాకా నడిచి వెనక్కి వస్తే చాలన్నారట. కొన్నిసార్లు వచ్చినప్పటికంటే దిగులుగా బయటికొచ్చేవాడు. నారాయణమ్మ కంగారుపడితే, "పుండు కడిగితే మండదేటే" అనేవాడు. ఒకరోజు తలుపు తీసుకుని వస్తూనే, "ఆకలేస్తంది, ఇడ్డెన్లు తిందామా" అన్నాడు. నారాయణమ్మ కళ్లు చెమ్మగిల్లాయి.

అంత బాగా నడుస్తున్న పనిలో సూర్రావు వేలుపెట్టాడు. ఒక వారం నారాయణమ్మకు ఒంట్లో బాగాలేక తనే తోడొచ్చాడు. తలుపు మూసుకుంది. వరండాలో వేరే ఎవరూ లేరు. కాసేపు కాళ్లూపాడు. లేచాడు. నా దగ్గరికొచ్చి స్విచ్చి ఆపేశాడు. తలుపుకు చెవి ఆనించాడు.

ఆ ఒక్కసారే లోపలి మాట నాకూ వినపడింది. సూర్రావు ఆ తర్వాత ఊరంతా చాటాడు కనుక చెబుతున్నాను, లేకపోతే నన్ను ముక్కలు చేసినా చెప్పేదాన్ని కాదు. గౌరునాయుడు ఏడుస్తున్నాడు. "ఆ రోజు ఎక్కాల్సింది నాను మేడమ్. నడుం నొప్పిగా ఉంది, నువ్వెక్కరా అన్నాను. ఆడు నవ్వుతా ఎక్కినాడు."

హోరు ఆగిందని తెలిసి కెజియా గారు తలుపు తీసేసరికి ఆ ముక్క బయటపడిపోయింది. "ఏం పని ఇది?" అన్నారావిడ. ఆవిడ గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు. సూర్రావు పళ్లికిలించాడు. "ఇంటి మనుసులకి దాపరికాలేటి మేడమ్?"

మర్నాటికి ఆ మాట టీకొట్టుకెక్కింది. అక్కణ్ణుంచి ఎర్రయ్య ఇంటికి చేరింది. ఎర్రయ్య బావమరిది వచ్చి గౌరునాయుడి గుమ్మం ముందు నిలబడి తిట్టాడట. గౌరునాయుడు మళ్లీ తిండి మానేశాడు. మా దగ్గరికి రావడమూ మానేశాడు.

రెక్కలుండీ కదల్లేని దాన్ని నేను. ఉన్నచోటే తిరుగుతూ ఉడికిపోయాను. ఎవరైనా కూడబెట్టుకున్న బంగారం కాజేస్తే దొంగా దొంగా అని అరుస్తారే, ఎంతో కష్టం మీద నోటిదాకా తెచ్చుకున్న మాట కాజేసినవాణ్ణి మాత్రం ఇంటి పెద్దంటారా!

కెజియా గారు గౌరునాయుడి వేళకు ఇంకెవరినీ పిలవలేదు. ఒకసారి ఫోన్ చేశారు. "రమ్మనడానికి కాదండీ. లోపలి మాట బయటికి పోదని మీకు మాటిచ్చింది నేను. నిలబెట్టుకోలేకపోయాను. క్షమించమని అడగడానికి చేశాను. వేరేవాళ్ల దగ్గరికి వెళ్తానన్నా నేనే మాట్లాడి పెడతాను." అప్పటికే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నా స్విచ్చి గది లోపలికి మార్పించారు.

రెండు వారాల తర్వాత భార్యాభర్తలిద్దరూ మెట్లెక్కి వచ్చారు. వెనకే ఆయాసపడుతూ సూర్రావు. "మల్లీ ఇక్కడికే? జరిగిన అల్లరి సాలదా?" అన్నాడు.

నారాయణమ్మ ఆగి వెనక్కి తిరిగింది. బావగారి ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి.

"అల్లరి సేసింది ఎవరు బావగారూ? మీ తమ్ముడు గుండె సీల్చి ఒకరి దగ్గర పెట్టుకుంటే, మీరు అట్టుకెళ్లి టీకొట్టు కాడ పంచినారు. ఆయన్ని పిరికోడన్నారే, తలుపు సాటున దొంగసెవులేసినోడిది ఏం మగతనం? ఈయన ఇక్కడికే వస్తాడు. తోడు నానుంటాను. మీరు దిగండి."

సూర్రావు వచ్చిన మెట్లే దిగిపోయాడు. నేను ఆ రోజు తిరిగినంత జోరుగా ఏ పెళ్లిలోనూ తిరగలేదు.

తర్వాత కొన్నాళ్లకు గౌరునాయుడు ఎర్రయ్య ఇంటికి వెళ్లాడు. అది అతను తనంతట తాను నిర్ణయించుకున్న పని. మరుసటి వారం వరండాలో కూర్చుని, నారాయణమ్మ వింటుండగా కెజియా గారికి చెప్పాడు.

"ఎర్రయ్య పెళ్లాం పోలమ్మ మొదట నాలుగు తిట్టింది మేడమ్. పడ్డాను. తరవాత మంచినీళ్లిచ్చింది. నడుం నొప్పని ఒకడు ఆగితే రెండోవోడు సావాలని ఏ దేవుడు రాసినాడు, మనుసులు పైనుండగా సప్లై ఇచ్చినోణ్ణి అడగవేటి, నాతో వచ్చి అడుగు, అంది. ఎల్లి ఇద్దరం ఆఫీసులో అడిగాం. విచారణ ఏస్తామన్నారు. ఏస్తారో నేదో గాని, అడిగాం."

అతను మళ్లీ స్తంభం ఎక్కలేదు. స్టోర్సులో పని ఇప్పించుకున్నాడు. అప్పుడప్పుడు రాత్రిళ్లు ఇంకా ఉలిక్కిపడుతున్నానని ఒకసారి బయటికొస్తూ కెజియా గారితో దాచకుండా చెప్పాడు. వారానికోసారి రావడం నెలకోసారయింది, తర్వాత అవసరమైతే వస్తానన్నాడు.

కిందటి వేసవిలో నా కాయిల్ మాడిపోయింది. కింది బట్టలకొట్టు వాచ్‌మన్ నన్ను భుజాన వేసుకుని రింగురోడ్డు పక్కన పాత ఇనుము కొట్టుకు తెచ్చాడు. కొట్టు యజమాని మీసాలాయన. నేనెక్కడిదాన్నో వాచ్‌మన్ చెప్పగానే, బేరానికొచ్చిన నలుగురిలో నన్నెగాదిగా చూసి, "పిచ్చోళ్ల గాలి తగిలిన ఫ్యానురోయ్, సూసి ముట్టుకోండి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మాడిన కాయిల్ మరోసారి మాడినంత పనైంది నాకు. ఇన్నేళ్లు తిరిగీ ఈ మనుషులకు ఏమీ ఎక్కించలేకపోయానే అనుకున్నాను.

నలుగురూ వెళ్లిపోయారు. వాచ్‌మన్ కూడా మెట్టు దిగబోతున్నాడు. మీసాలాయన అటూ ఇటూ చూసి, అతని దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ మేడమ్ గారు ఆదివారాలు కూడా ఉంటారేటి?"