అమ్మమ్మ కంటె

ఆకులు కుట్టిన గౌను బాగానే ఉంది, దానికోసం క్రోటన్స్ మొక్క బోడిదైపోయిందనుకోండి, కానీ మొహానికి ఆ కాటుకెందుకు, అత్తగారు మా సారికని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గలకి నల్లగా పులుముతున్నారు, కదలకే తల్లీ, కోయపిల్లంటే ఇలాగే ఉండాలి, లేకపోతే ప్రైజెవరిస్తారు, ఇవాళ వాళ్ళ స్కూల్లో ఆదివాసీ దినోత్సవం, ఫ్యాన్సీ డ్రెస్ పోటీ, నేను గుమ్మంలో కంటె పట్టుకుని నిలబడ్డాను, వెండిది, బొటనవేలంత లావు, ఎగ్జిబిషన్‌లో కొన్నానని చెప్పి బీరువాలో పెట్టుకున్నది, ఏ ఎగ్జిబిషనో అత్తగారు అడగలేదు, అడిగితే ఏ స్టాలో కూడా చెప్పేదాన్ని, బీకాం చదివాను కదా, లెక్క ఎక్కడా తేడా రానివ్వను.

ఇలా తే అమ్మాయ్ అని తీసుకుని ముందునుంచి మెడలోకి తోస్తున్నారు, పిల్ల కెవ్వుమంది, అలా కాదండీ అని లాక్కున్నాను, పక్కనుంచి పెట్టి తిప్పాను, జారుకుంది, అమ్మమ్మ నా మెడకి అలాగే తిప్పేది, ఆ వేళ్ళకి చుట్ట వాసన, పండగ చేసి వేల్పుకి పెట్టందే కొత్త మామిడికాయ కొరకని మనిషి, పండగయ్యాక మాత్రం జంగారెడ్డిగూడెం బస్సులో నాకు కాయల బస్తా వేయిస్తుంది, నేను బస్టాండుకెళ్ళి తెచ్చుకుని బజారువని చెబుతాను, నిన్ననే ఆ ఆవకాయతో అత్తగారు ఇంకాస్త అన్నం పెట్టించుకున్నారు, అమ్మా, కోయవాళ్ళు నిజంగా ఇలా పూసుకుంటారా అంటోంది సారిక, అద్దంలో తనని చూసి తనే జడుసుకుని, పూసుకోరమ్మా, మా అమ్మమ్మ కోయావిడే, ఈ కంటె ఆవిడదే, అనేశాను.

అత్తగారి చెయ్యి ఆగిపోయింది, ఇక కులగోత్రాలు మొదలవుతాయనుకున్నాను, మీ నాన్నగారెందుకు దాచారు, మావాడికి తెలుసా, అన్నిటికీ జవాబులు పేర్చుకుంటున్నాను, ఆవిడ మాత్రం, పోయినావిడ మెడలోది శాంతైనా చేయించకుండా పసిదానికి వేస్తావా, తీసెయ్ ముందు, అన్నారు, పోలేదండీ, ఉంది, బుట్టాయగూడెం అవతల, ఈపాటికి కోళ్ళకి నూకలు చల్లుతూ ఉంటుంది, ఉందా, మరి ఒక్కసారీ చెప్పలేదేంటమ్మా, కోపంగా అన్నా బాగుండేది, కొంగు తడిపి సారిక బుగ్గలు తుడుస్తూ మెల్లిగా అన్నారు, ఇవాళ చెప్పకపోయుంటే, అమ్మమ్మ నిజంగా పోయిననాడు, ఏడవడానికి ఈ ఇంట్లో నాకు ఇంకో అబద్ధం కావాల్సి వచ్చేది.